నస్రీన్ మొహమెదీ గీతల గురించి: అనంతపురం, ధర్మవరం, కడప వైపు డ్రాయింగ్ టీచర్లు, విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నస్రీన్ మొహమెదీ ఎవరు?

భారతీయ నైరూప్య కళలో, అంటే మనిషి, వస్తువు బొమ్మ లేని కళలో, గీతను మాత్రమే నమ్ముకుని పనిచేసిన చిత్రకారిణి. 1937లో కరాచీలో పుట్టారు. పసితనంలోనే తల్లి చనిపోయారు. 1944లో కుటుంబం బొంబాయికి వచ్చింది. 1954 నుంచి 1957 వరకు లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నారు. కొంతకాలం కుటుంబంతో బహ్రెయిన్‌లో ఉన్నారు. తర్వాత బొంబాయిలో కళాకారుల స్టూడియోలుండే భులాభాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసుకుంటున్నప్పుడు వి.ఎస్. గాయ్‌తొండే వంటి పెద్ద చిత్రకారులతో దగ్గరి పరిచయం ఏర్పడింది. 1961లో బొంబాయిలో తొలి సొంత ప్రదర్శన పెట్టారు. అదే ఏడాది పారిస్ వెళ్లి 1963 దాకా అక్కడ చదివారు. 1972 నుంచి బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలో పాఠాలు చెప్పారు. 1990లో అలీబాగ్ దగ్గరి సముద్రతీర గ్రామం కిహిమ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు.

ఆమెను మార్గదర్శి అంటారు. ఏ విషయంలో?

అప్పటికే మన చిత్రకారుల్లో నైరూప్య చిత్రాలు వేసేవాళ్లు ఉన్నారు. గాయ్‌తొండే, ఎస్.హెచ్. రజా ఉన్నారు. వాళ్ల చేతిలో రంగుంది, కాన్వాసుంది. నస్రీన్ 1970 ప్రాంతం నుంచి ఆ రెండింటినీ పక్కన పెట్టేశారు. పెన్సిలు, నల్ల ఇంకు, తెల్ల కాగితం, స్కేలు. అంతే. ఆమె బరోడాలో ఉన్న కాలంలో చుట్టుపక్కల వాళ్లంతా మనుషుల బొమ్మల వైపు, కథ చెప్పే చిత్రాల వైపు మళ్లుతున్నారు. భూపేన్ ఖఖ్ఖర్, గులామ్ మహమ్మద్ షేక్ ఆ దారివాళ్లే. వాళ్ల మధ్యనే ఉంటూ మనిషి, కథ, రంగు ఏవీ లేని కాగితం మీద ఇరవై ఏళ్లు నిలబడటం చిన్న సంగతి కాదు. అప్పట్లో ఆ దారిలో మన దేశంలో ఆమెకు తోడుగా నడిచినవాళ్లు దాదాపు లేరు. అదే 1937లో అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మీ కూడా గీత, కాగితంతోనే బతికారు. కానీ ఆమె పని ఎక్కువగా చెక్క అచ్చులు, ఇంటి నక్షాలు, పోగొట్టుకున్న ఊళ్ల చుట్టూ తిరుగుతుంది. ఇద్దరినీ ఒక గాటన కట్టకూడదు.

బొమ్మే లేదు కదా, ఏం చూడాలి?

వేరుశనగ విత్తిన చేను గట్టు మీద నిలబడి చూడండి. సాళ్లన్నీ ఒకే ఎడంతో ఉన్నాయని మనకు తెలుసు. అయినా కాళ్ల దగ్గర సాళ్లు దూరందూరంగా, చేను అవతలి కొసన దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. గట్టు మీద రెండడుగులు పక్కకు జరిగితే సాళ్లన్నీ ఒక్కసారిగా దిశ మార్చుకున్నట్టుంటుంది. కన్ను చేసే ఈ పనే నస్రీన్ చిత్రంలో అసలు విషయం. ఆమె చేను వేయలేదు, గట్టు వేయలేదు. ఎడం తగ్గడం, దిశ మారడం, లోతు పుట్టడం మాత్రం ఉంచుకున్నారు.

చూసేటప్పుడు ముందు ఒక్క గీతను పట్టుకోండి. అది ఎక్కడ మొదలైంది, ఎంత మందం, ఎక్కడ సన్నబడింది, కాగితం అంచుదాకా వెళ్లిందా, మధ్యలోనే ఆగిందా చూడండి. తర్వాత దాని పక్క గీతకు దూరం చూడండి. ఆ తర్వాత మూడోది. ఐదారు గీతలు ఇలా దాటాక చిత్రంలో ఒక లయ చేతికి చిక్కుతుంది. ఒకేసారి మొత్తం చూసి అర్థం వెతికితే మాత్రం ఏదీ దొరకదు. సంగీత కచేరీలో రాగం పేరు తెలియకపోయినా తాళం పట్టుకోగలం కదా, అలా మొదలుపెట్టాలి.

మగ్గంతో ఆమెకు నిజంగా సంబంధం ఉందా, మనం అతికిస్తున్నామా?

ఉంది. మగ్గం మీద సాగదీసిన దారాలను ఆమె నలుపు తెలుపు ఫొటోలుగా తీశారు. కాబట్టి ధర్మవరంలో ఈ ప్రశ్న రావడం సహజమే. మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఆమె బొమ్మ మిగతావాళ్లకన్నా త్వరగా అందుతుందని మేం గట్టిగా నమ్ముతాం. పడుగులో ఒక్క పోగు తెగి, దాన్ని ముడివేయకుండా నేస్తే ఆ లోపం చీర పొడవునా కనిపిస్తుంది. ఆమె కాగితం మీద కూడా ఒక్క ఎడం అర మిల్లీమీటరు తప్పితే కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

తేడా కూడా అంతే ముఖ్యం. మగ్గంలో దువ్వెనలా ఉండే అచ్చు పళ్లు పోగుల మధ్య దూరాన్ని మారకుండా పట్టి ఉంచుతాయి. నేతకు ఆ సమానతే ప్రాణం. నస్రీన్ కావాలనే ఆ సమానతను చెడగొట్టారు. ఒక చోట గీతలను కిక్కిరిసేలా చేసి, ఇంకో చోట వదులుచేసి, మొత్తం వరసను ఏటవాలుగా వంచారు. నేతలో పేక వచ్చి పడుగును కట్టేస్తుంది. ఆమె గీతలను కట్టేసేది ఏదీ లేదు. కాగితం తెల్లదనంలోకి అవి జారిపోతాయి.

ఇది మన చుక్కల ముగ్గు లాంటిదే కదా?

కాదు. చుక్కల ముగ్గులో గీత చుక్కను చుట్టుకునో, చుక్కలను కలుపుతూనో మళ్లీ మొదటికి వచ్చి మూసుకుంటుంది. ముగ్గుకు నడిబొడ్డు ఉంటుంది, నాలుగు వైపులా సరితూకం ఉంటుంది. నస్రీన్ గీత మూసుకోదు, నడిబొడ్డు ఉండదు, బరువంతా తరచుగా ఒక మూలకే ఒరుగుతుంది. కొలత మీద శ్రద్ధ ఒక్కటే రెండింటికీ ఉమ్మడి. పిల్లలకు ముగ్గుతో మొదలుపెట్టి ఆమె దగ్గరికి తీసుకెళ్లవచ్చు. రెండూ ఒకటే అని మాత్రం చెప్పవద్దు.

అమెరికా చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్‌తో ఎందుకు పోలుస్తారు?

ఇద్దరూ గళ్లు, సన్నని గీతలు వాడారు కాబట్టి. 2007లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన అంతర్జాతీయ కళా ప్రదర్శన డాక్యుమెంటా 12లో ఇద్దరి పనీ ఉంది. మార్టిన్ (1912–2004) పెద్ద కాన్వాసుల మీద, తరచుగా ఆరడుగుల చదరం మీద, లేత రంగుల పట్టీలు, పెన్సిలు గీతలు వేశారు. గీతలు అడ్డంగానో నిలువుగానో ఉండి చూసేవాళ్లను ఎదురుగా నిలబెడతాయి. నస్రీన్ కాగితాలు బల్ల మీద పట్టేంతవి. ఏటవాలు గీతలతో కాగితంలోకి లోతు తెస్తారు. చూపు ఆగదు, జారుతుంది. ‘భారతదేశపు ఆగ్నెస్ మార్టిన్’ అని రాసేవాళ్లు ఆమె పనిని సగమే చూసినట్టు.

ఆమె పనిలో దశలు ఎలా గుర్తుపట్టాలి?

1950లు, 60ల పనిలో కుంచె కనిపిస్తుంది. నీటిరంగు, ఇంకు మరకలు, కొమ్మల్లాంటి రూపాలు, తేలిపోయే మసక. 1970లలో గళ్లు వచ్చాయి. అడ్డగీతలు, నిలువు గీతలు, వాటి మధ్య ఎడాలు మారుతూ పోతాయి. తర్వాత ఏటవాలు గీతలు గళ్లను చీల్చుకుని వచ్చాయి. 1980లకు వచ్చేసరికి కాగితంలో ఎక్కువ భాగం ఖాళీ. ఒక త్రికోణమో, కొన్ని ఏటవాలు గీతలో, నెలవంక లాంటి వంపో గాల్లో తేలుతున్నట్టుంటుంది.

పేర్లు, తేదీలు ఎందుకుండవు?

ఆమె చిత్రాలకు పేర్లు పెట్టలేదు. తేదీ వేయడం కూడా అరుదే. అందుకే మ్యూజియం చీటీల మీద ‘శీర్షిక లేదు, సుమారు 1975’ అని ఉంటుంది. పరీక్షలో ఏదైనా చిత్రానికి కచ్చితమైన సంవత్సరం రాయబోతున్నవాళ్లు ‘సుమారు’ అనే మాట తప్పక చేర్చాలి. డైరీలు మాత్రం రాసుకునేవారు. వాటిలో కొన్ని పేజీల మీద రాతను ఇంకు పట్టీలతో కప్పేసి, ఆ పేజీనే ఒక చిత్రంలా మార్చారు.

ఫొటోలు కూడా తీశారట?

తీశారు, బతికున్నప్పుడు ప్రదర్శించలేదు. రోడ్డు మీది తెల్లగీతలు, ఇసుక మీద అల జాడలు, గోడల నీడలు, ఫతేపూర్ సిక్రీ రాతి అంచులు. వాటిని చూశాక గీతల చిత్రాలు ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలుస్తుంది. అలాగని ఫొటోను చూసి చిత్రం వేశారనుకోవడం తప్పు. రెండూ ఒకే చూపు నుంచి వచ్చిన వేర్వేరు పనులు.

మీరు ప్రయత్నించాలంటే లేపాక్షిలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం మంచి చోటు. పైకప్పు లేదు కాబట్టి స్తంభాల నీడలు సూటిగా నేల మీద పడతాయి. ఉదయం 8 లోపు వెళ్లండి, నీడలు పొడవుగా ఉంటాయి. ఎండాకాలంలో 11 దాటితే నీడ స్తంభం మొదట్లోకి ముడుచుకుపోతుంది, గీత మిగలదు. ఫోన్ కెమెరాలో గళ్ల గీతలు ఆన్ చేసి, నలుపు తెలుపు మోడ్ పెట్టండి. విగ్రహం, మనిషి, ఆకాశం ఫ్రేములోకి రానివ్వకండి. గండికోట లోయ గోడల్లో పొరలుపొరలుగా ఉన్న రాయి, కర్నూలు వైపు సోలార్ పార్కుల్లో పలకల వరసలు కూడా పనికొస్తాయి. పార్కులోకి అనుమతి లేకుండా వెళ్లకండి, రోడ్డు మీద నుంచే తీయండి.

జబ్బు వల్లే చిత్రాలు అంత తక్కువ గీతలతో మారాయా?

చివరి సంవత్సరాల్లో నరాల జబ్బు ఆమెను బాగా కుంగదీసింది. కదలికలు అదుపు తప్పేవి. అయినా ఆ కాలపు చిత్రాల్లో వణుకు కనిపించదు. గీత గీతలాగే ఉంది. గీతలు తగ్గడం అప్పటికే చాలా ఏళ్లుగా ఆమె పనిలో నడుస్తున్న దారి. జబ్బును కారణంగా చూపి ఆ దారిని చిన్నది చేయడం మాకు నచ్చదు.

అలాంటి గీతల అభ్యాసానికి ఏమేం కావాలి?

ఆమె చేత్తో ఊరికే గీసేవారు కాదు. ఆర్కిటెక్టులు వాడే బల్ల, పరికరాలు పెట్టుకుని గీసేవారు. అనంతపురంలో, కడపలో ఇంజినీరింగ్ పిల్లల సామాన్లు అమ్మే ఏ స్టేషనరీ దుకాణంలోనైనా ఇవి దొరుకుతాయి:

- ఐవరీ షీటు లేదా నున్నటి డ్రాయింగ్ కాగితం. గరుకు కాగితం మీద సన్నగీత తెగిపోతుంది.
- 4హెచ్ పెన్సిలు ఒకటి, హెచ్‌బీ ఒకటి.
- 0.1, 0.2, 0.3 మి.మీ. ఇంకు పెన్నులు. రెండు లోహపు రేకుల మధ్య ఇంకు పట్టే పాతకాలపు రూలింగ్ పెన్ను దొరికితే ఇంకా మంచిది.
- 30 సెం.మీ., 1 మీటరు స్టీలు స్కేళ్లు, సెట్ స్క్వేర్లు. మొదటి సంవత్సరం పిల్లల మినీ డ్రాఫ్టర్ అరువు దొరికితే సమాంతర గీతల పని సగం తగ్గుతుంది.
- కనీసం 80 సెం.మీ. పొడవున్న చెక్క బల్ల, రెండు గుండుసూదులు, కాగితం అంటించే టేపు.

మొదటి అభ్యాసం ఎలా చేయాలి?

30 సెం.మీ. చదరపు కాగితం బల్లకు ఎడమవైపు టేపుతో అంటించండి. ఎడమ అంచున 5 మి.మీ.కు ఒకటి చొప్పున 4హెచ్ పెన్సిలుతో గుర్తులు పెట్టండి. 60 ఎడాలు, 61 గుర్తులు వస్తాయి. స్కేలును సున్నా దగ్గర ఒక్కసారే పెట్టి 5, 10, 15 అని చదువుతూ పోవాలి. ప్రతిసారీ స్కేలు జరిపి 5 కొలిస్తే, ఒక్కో ఎడంలో 0.2 మి.మీ. తప్పినా 60 ఎడాలకు 12 మి.మీ. దాకా తేడా రావచ్చు. కొత్తవాళ్ల కాగితాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు కాగితం కుడి అంచుకు 40 సెం.మీ. దూరంలో, ఎత్తులో సరిగ్గా మధ్యకు, బల్లలో గుండుసూది గుచ్చండి. మీటరు స్కేలును సూదికి ఆనించి ప్రతి గుర్తునూ సూదితో కలుపుతూ గీతలు గీయండి. గీత కాగితం దాటకూడదు. ఎడమ అంచున 5 మి.మీ. ఉన్న ఎడం కుడి అంచుకు చేరేసరికి 3 మి.మీ. కన్నా కొంచెం తక్కువవుతుంది. వేరుశనగ చేను కాగితం మీదికి వచ్చేసింది.

రెండో అభ్యాసంలో సూది వద్దు. సమాంతర గీతలే, ఎడాలు మాత్రం 2, 3, 4 అలా 11 మి.మీ. దాకా పెంచుకుంటూ పోవాలి. పది ఎడాలకు మొత్తం 65 మి.మీ. పడుతుంది. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి దించితే 130 మి.మీ. వరస తయారవుతుంది. గీతలన్నీ 0.1తో గీసి, మూడో గీత, ఏడో గీత మాత్రం 0.3తో గీయండి. మందం గీత ముందుకు వస్తుంది, సన్నది వెనక్కి పోతుంది. రంగు లేకుండా దూరం పుట్టించడమంటే ఇదే. కొన్ని గీతలను ఇంకుకు బదులు హెచ్‌బీ పెన్సిలుతో గీస్తే నలుపుకు, తెలుపుకు నడుమ ఒక బూడిద మెట్టు దొరుకుతుంది. నస్రీన్ ఇంకును, పెన్సిలును ఒకే కాగితం మీద కలిపి వాడారు.

స్కేలు కింద ఇంకు పాకిపోతోంది. ఎందుకు?

స్కేలు అంచుకు, కాగితానికి మధ్య ఉన్న సన్న సందు ఇంకును లోపలికి లాగుతుంది. అంచు కాగితాన్ని తాకకుండా ఎత్తాలి. స్కేలు అడుగున రెండు కొసల్లో రెండేసి పొరల టేపు అంటిస్తే చాలు. వాలు అంచున్న స్కేలైతే ఆ వాలును కిందికి తిప్పి పెట్టండి. గీసిన వెంటనే స్కేలును కాగితం మీద ఈడ్చకండి, పైకి లేపి తీయండి.

గీత కొస ఉబ్బుతోంది.

పెన్ను ఆగాక ఎత్తుతున్నారు. ఆగిన క్షణంలో కూడా ఇంకు దిగుతూనే ఉంటుంది. చేయి కదులుతుండగానే పెన్ను ఎత్తాలి. వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి. మొదట్లో ఊపిరి వదులుతూ ఒక గీత గీయడం అలవాటు చేసుకుంటే వేగం కుదురుకుంటుంది. రూలింగ్ పెన్నులో ఇంకు 5, 6 మి.మీ. ఎత్తుకు మించి నింపకండి. ఎక్కువైతే బరువుకు ఒక్కసారిగా బొట్టు జారుతుంది.

ఎండాకాలంలో గీతలు మధ్యమధ్య తెగిపోతున్నాయి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలే. కారణాలు రెండు. ఒకటి చేతి చెమట. అరచేయి ఆనిన చోట కాగితానికి జిడ్డు పడుతుంది, ఆ చోట ఇంకు పట్టదు. చేతి కింద ట్రేసింగ్ కాగితం ముక్క ఎప్పుడూ ఉండాలి. రెండోది ఫ్యాను. పొడిగాలికి పెన్ను మొనలో ఇంకు నిమిషాల్లో ఆరిపోతుంది. ఫ్యాను కాగితం మీదికి కాకుండా వీపు వైపు తిప్పుకోండి, గీతకూ గీతకూ మధ్య మూత పెట్టండి. ఇంకు నింపుకునే పెన్నులను వారానికోసారి గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఉదయం 6 నుంచి 9 మధ్య పనిచేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

తప్పు గీతను చెరిపేయవచ్చా?

పెన్సిలును చెరపవచ్చు. ఇంకును బ్లేడుతో గీకితే ఆ చోట కాగితం పీచు లేచి, మీద వేసే కొత్త గీత పాకుతుంది. తప్పును ఉంచి, మిగతా ఎడాలను దానికి తగ్గట్టు మార్చి పూర్తి చేయండి. కుదరకపోతే కొత్త కాగితం తీసుకోండి.

బడిలో పిల్లలతో చేయించవచ్చా?

ఆరో తరగతి నుంచి చేయించవచ్చు. చిన్నపిల్లలకు స్కేలు, ఇంకు వద్దు. అట్టముక్కకు రెండు వైపులా గాట్లు పెట్టి నల్లదారం చుట్టించండి. గాట్ల మధ్య దూరం ఒకవైపు 1 సెం.మీ., రెండోవైపు అర సెం.మీ. ఉంటే దారాలు వాటంతటవే విసనకర్రలా సర్దుకుంటాయి. ధర్మవరం, సోమందేపల్లి వైపు పిల్లలకు పడుగు, ఆసు (దారం చుట్టే చట్రం) అనే మాటలు ఇంట్లోనే తెలుసు, వాటితోనే చెప్పండి.

ఫోన్‌లో ఆమె చిత్రాలు మిణుకుమిణుకుమంటూ, లేని రంగులు చూపిస్తున్నాయి.

సన్నగీతల వరస, స్క్రీన్ చుక్కల వరస ఒకదానిమీద ఒకటి పడి లేని చారలను పుట్టిస్తాయి. చిత్రంలో ఆ చారలు లేవు. వేళ్లతో పెద్దది చేసి భాగం భాగంగా చూడండి. ప్రింటు తీస్తే కనీసం ఎ3 సైజు, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) అడగండి. 300 డీపీఐలో ఒక చుక్క సుమారు 0.085 మి.మీ. ఉంటుంది, 0.1 మి.మీ. గీతకు చుక్కన్నర కూడా దక్కదు. జిరాక్సులో సన్నని పెన్సిలు గీతలు తరచుగా మాయమవుతాయి. జిరాక్సు చూసి ‘ఇంతేనా’ అనుకున్నవాళ్లు దయచేసి ఇంకోసారి చూడండి.

అసలు చిత్రాలు ఎక్కడున్నాయి?

మన దేశంలో ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం దగ్గర ముఖ్యమైన సేకరణ ఉంది. 2013లో వాళ్లు పెద్ద ప్రదర్శన చేశారు. తర్వాత 2014లో ఇంగ్లండ్‌లోని టేట్ లివర్‌పూల్, 2015లో మాడ్రిడ్‌లోని రీనా సోఫియా, 2016లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం శాఖ మెట్ బ్రాయర్ ఆమె పనిని ప్రదర్శించాయి. మెట్ బ్రాయర్ తలుపులు తెరిచినప్పటి తొలి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి. ఢిల్లీ వెళ్లేముందు ఆ రోజుల్లో ఆమె చిత్రాలు గోడ మీద ఉన్నాయో లేదో కనుక్కుని బయలుదేరండి. కాగితం మీది పని వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ఏ మ్యూజియమూ దాన్ని ఏడాది పొడవునా గోడ మీద ఉంచదు.

మేం గీసినవి ఎలా దాచుకోవాలి?

చుట్టి గొట్టంలో పెట్టవద్దు, మన పొడిగాలికి ఆ వంపు తేలిగ్గా విడదు. పరచి, ఒక్కో కాగితం మధ్య బటర్ పేపర్ వేసి, నేలకు అడుగు ఎత్తున్న ఇనుప బీరువా అరలో పెట్టండి. గోడకు ఆనుకున్న చెక్క అరలకు చెదలు ముందుగా వస్తాయి. ఫ్రేము కట్టిస్తే అద్దానికి, కాగితానికి మధ్య 3, 4 మి.మీ. మందం అట్ట చట్రం పెట్టించండి. అద్దం కాగితాన్ని తాకితే వానాకాలపు తేమకు రెండూ అంటుకుంటాయి. పడమటి ఎండ పడే గోడకు తగిలించకండి.